గుండెపోటు వంశంలో ఉంటే: నెత్తుటి కొవ్వు, జన్యువులు, మన మేనరికాలు

మన ఇళ్ళలో పెద్దలను కదిపితే చాలా కుటుంబాల్లో ఒకే రకం మాట వినబడుతుంది. "మా పెదనాన్న నలభై దాటగానే పోయాడు. పొద్దున బాగానే ఉన్నాడు, ఛాతీలో మంట అన్నాడు, అంతే. మా తాతకూ అలాగే అయింది. మా వంశంలోనే ఉంది." షోలాపురంలోని నేత ఇల్లయినా, హొసూరు పక్కన పల్లెయినా, బరంపురమైనా, యానామైనా మాట ఇదే. ఆ మాట తరువాత ఒక నిట్టూర్పు. వంశంలో ఉన్నదాన్ని ఎవరు తప్పించగలరు అని.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. వంశంలో నడిచే గుండెపోటులో చాలా భాగం నెత్తుటి పరీక్షలో ఒక అంకెగా కనబడుతుంది. ఆ అంకెను చిన్న వయసులోనే చూసుకుంటే తగ్గించుకోవచ్చు. అది ఒకరికి బయటపడిందంటే ఆ ఒక్కరి సంగతే కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు అందరి సంగతి. మనం పలు రాష్ట్రాల్లో చెదిరి బతుకుతున్నవాళ్ళం. ఆ కబురు చుట్టాలందరికీ చేరేలా చూడటమే మనకున్న పెద్ద పని.

నెత్తుటిలో కొవ్వు ఎలా తిరుగుతుంది

నూనె నీళ్ళలో కలవదు. నెత్తురు చాలావరకు నీరే. అందువల్ల కొలెస్టరాల్, ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు తమంతట తాము ప్రవహించలేవు. మాంసకృత్తులు చుట్టుకొన్న అతి చిన్న ఉండలుగా మారి తిరుగుతాయి. వీటిని లైపోప్రొటీన్లు అంటారు. వీటిలో ఎక్కువగా వినబడేవి రెండు: ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్. గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాల గోడల్లోకి చొరబడి, అక్కడ చిక్కుకొని, ఏళ్ళ తరబడి పేరుకొనేది ముఖ్యంగా ఎల్‌డీఎల్. అలా పేరుకొన్న కొవ్వు పొర ఒకనాడు చిట్లితే దాని మీద నెత్తురు గడ్డకడుతుంది. నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

ఎల్‌డీఎల్‌ను నెత్తుటి నుంచి తీసివేసేది ప్రధానంగా కాలేయం. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్ ఉండలను పట్టి లోపలికి లాగే కొక్కేల వంటివి ఉంటాయి. వీటిని ఎల్‌డీఎల్ గ్రాహకాలు అంటారు. కొక్కేలు ఎక్కువ ఉంటే నెత్తురు శుభ్రపడుతుంది. తక్కువగా ఉన్నా, సరిగా పని చేయకపోయినా ఎల్‌డీఎల్ నెత్తుటిలోనే మిగిలిపోతుంది. ఈ కొక్కేలను తయారు చేసే సూచన మన జన్యువుల్లో ఉంది. అందుకే ఒకే వంట తినే ఇద్దరు తోడికోడళ్ళలో ఒకరి ఎల్‌డీఎల్ 100 ఉంటే మరొకరిది 230 ఉండవచ్చు. (ఈ వ్యాసంలోని కొవ్వు అంకెలన్నీ డెసిలీటరు నెత్తుటికి ఇన్ని మిల్లీగ్రాములు అనే లెక్కలో ఉన్నాయి. మన పరీక్షశాలల చీటీల్లో ఉండేదీ అదే లెక్క.)

ఈ సంగతి ఎలా తెలిసింది

1930ల చివర్లో నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ కొన్ని కుటుంబాల్లో మూడు లక్షణాలు కలిసి నడుస్తున్నాయని గమనించాడు: కీళ్ళ దగ్గర నరాల మీద పసుపుపచ్చని గడ్డలు, నెత్తుటిలో ఎక్కువ కొలెస్టరాల్, చిన్న వయసులో గుండెజబ్బు. 1960లలో లెబనాన్‌లో అవెదిస్ ఖచదూరియన్ అలాంటి కుటుంబాలనే పరిశీలించి, జబ్బు రెండు మెట్లలో ఉందని చూపాడు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే లోపం వచ్చినవారికి కొలెస్టరాల్ బాగా ఎక్కువ. ఇద్దరి నుంచీ వచ్చినవారికి అంతకు రెట్టింపు, వారికి గుండెజబ్బు పసితనంలోనే మొదలు. ఆ ఇళ్ళలో దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

1970లలో అమెరికాలోని డల్లాస్ నగరంలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ కలిసి ఎల్‌డీఎల్ గ్రాహకాన్ని కనుగొన్నారు. ఈ కుటుంబాల్లో చెడినది ఆ గ్రాహకమేనని తేల్చారు. 1985లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ఏడాది ముందు, 1984లో, ఆరేళ్ళ స్టోర్మీ జోన్స్ అనే అమెరికా పాపకు పిట్స్‌బర్గ్‌లో గుండెతో పాటు కాలేయాన్నీ మార్చారు. కొత్త కాలేయం రాగానే ఆ పాప కొలెస్టరాల్ బాగా పడిపోయింది. ఎల్‌డీఎల్‌ను ఊడ్చే పని కాలేయానిదేనని మనిషిలోనే రుజువైంది.

వంశపారంపర్య అధిక కొలెస్టరాల్

ఈ జబ్బును వైద్యులు ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరొలీమియా అంటారు. పొట్టిగా ఎఫ్‌హెచ్. మేమూ ఇక్కడ ఎఫ్‌హెచ్ అనే రాస్తాం. ఎక్కువ కుటుంబాల్లో లోపం ఎల్‌డీఎల్ గ్రాహకపు జన్యువులో ఉంటుంది. కొద్దిమందిలో ఏపీఓబీ, పీసీఎస్‌కే9 అనే జన్యువుల్లో ఉంటుంది.

ఎఫ్‌హెచ్ అరుదైన జబ్బు కాదు. ప్రపంచంలో దాదాపు 250 నుంచి 300 మందికి ఒకరు దీన్ని ఒక పక్క నుంచి పొంది ఉంటారు. వెయ్యి గడపల ఊరిలో పదిమందికి పైగా ఉంటారన్నమాట. రెండు పక్కల నుంచీ పొందినవారు దాదాపు మూడు లక్షల మందికి ఒకరు. ఒక పక్క లోపం ఉన్నవారికి వైద్యం లేకపోతే మగవారిలో సగం మందికి 50 ఏళ్ళ లోపు, ఆడవారిలో దాదాపు మూడో వంతుకు 60 ఏళ్ళ లోపు గుండెజబ్బు వస్తుంది. రెండు పక్కలా లోపం ఉన్న పిల్లలకు వైద్యం అందకపోతే ఇరవై ఏళ్ళ లోపే గుండెపోటు రావచ్చు.

తల్లికో తండ్రికో ఎఫ్‌హెచ్ ఉంటే ప్రతి బిడ్డకూ అది రావడానికి సగానికి సగం అవకాశం. మగపిల్లలకు ఎంతో ఆడపిల్లలకూ అంతే. "మా ఇంట్లో మగవాళ్ళకే వస్తుంది" అనుకోవడం పొరపాటు. ఆడవారికి కొన్నేళ్ళు ఆలస్యంగా బయటపడుతుంది, అంతే తేడా.

అనుమానించవలసిన గుర్తులు ఇవి:

పెద్దవారిలో ఎల్‌డీఎల్ 190 గాని అంతకు మించి గాని ఉండటం. చిన్నపిల్లల్లో 160 దాటి, ఇంట్లో చిన్న వయసు గుండెజబ్బు ఉండటం.

మడమ వెనుక నరం లావెక్కడం, వేళ్ళ కణుపుల మీద గట్టి గడ్డలు. పిల్లల మోచేతులు, మోకాళ్ళు, పిరుదుల మీద పసుపుపచ్చని గడ్డలు కనబడితే ఆలస్యం చేయకూడదు.

45 ఏళ్ళ లోపే కంటి నల్లగుడ్డు అంచున తెల్లని వలయం.

ఇంట్లో మగవారికి 55 లోపు, ఆడవారికి 60 లోపు గుండెపోటు.

ఈ గుర్తులేవీ పైకి కనబడకుండా అంకె ఒక్కటే ఎక్కువగా ఉండేవారే ఎక్కువ మంది. సన్నగా, చురుకుగా, శాకాహారంతో ఉన్నవారికీ ఎఫ్‌హెచ్ ఉండవచ్చు. ఎల్‌డీఎల్ ఎక్కువ రాగానే ఎఫ్‌హెచ్ అని కూడా తేల్చేయకూడదు. థైరాయిడ్ తక్కువగా పని చేసినా, కొన్ని మూత్రపిండాల జబ్బుల్లోనూ ఎల్‌డీఎల్ పెరుగుతుంది. వైద్యులు ముందు వాటిని చూస్తారు.

మేనరికం లెక్క

ఇక మన సంగతి. మేనరికం, మేనమామ సంబంధం మనకు కొత్త కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో చుట్టరికపు పెళ్ళిళ్ళు ఎక్కువగా కనబడేది తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలోనే. దానికి తోడు బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు ఇంకో కారణం ఉంది. చుట్టుపక్కల తెలుగిళ్ళు కొద్దిగానే ఉన్నచోట, ఇంట్లో తెలుగు నిలవాలన్నా, ఆచారాలు కలవాలన్నా తెలిసిన ఇంటి పిల్లనే తెచ్చుకోవాలని పెద్దలు చూస్తారు.

మేనరికం కొత్తగా ఏ జబ్బునూ పుట్టించదు. ఒకే ఇంటి నుంచి రెండు దారుల్లో వచ్చిన లోపాన్ని ఒక బిడ్డలో కలపగలదు. లెక్క వేసి చూద్దాం.

ఒక అబ్బాయికి ఎఫ్‌హెచ్ ఉంది. బయటి సంబంధం చేసుకుంటే వచ్చే పిల్లకూ ఎఫ్‌హెచ్ ఉండే అవకాశం 250లో ఒకటి. మేనత్త కూతురినో మేనమామ కూతురినో చేసుకుంటే ఆ పిల్లకు అదే లోపం ఉండే అవకాశం 8లో ఒకటి. అక్క కూతురినే చేసుకుంటే 4లో ఒకటి. దంపతులిద్దరికీ లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండు పక్కలా లోపం రావచ్చు, నాలుగింట రెండు వంతులు ఒక పక్క లోపం రావచ్చు, నాలుగింట ఒక వంతు ఏదీ రాకపోవచ్చు. తరతరాలుగా మేనరికాలు నడిచిన ఇళ్ళలో ఈ అవకాశం ఇంకా పెరుగుతుంది.

చిన్న గుంపుగా వలస వెళ్ళి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకొంటూ పెరిగిన సమాజాల్లో ఏమవుతుందో లోకంలో ఉదాహరణలు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చి సంతతి ఆఫ్రికానర్లలోనూ, కెనడాలోని క్యుబెక్‌లో ఫ్రెంచి సంతతి వారు ఉండే కొన్ని ప్రాంతాల్లోనూ ఎఫ్‌హెచ్ దాదాపు వంద మందికి ఒకరిలో కనబడుతుంది. మొదట వచ్చిన కొద్ది కుటుంబాల్లో ఎవరికో ఉన్న లోపం వారి సంతానంతో పాటు పెరిగింది. దీన్ని మూలపురుష ప్రభావం అనవచ్చు. తెలుగువారిలోనూ ఈ ప్రభావం వేరొక జన్యువులో కనబడింది. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందును శరీరం తొందరగా విరగ్గొట్టలేని లోపం వైశ్యుల్లో ఇతరులకన్నా చాలా ఎక్కువ. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకొన్న 2017 నాటి పరిశోధన దీన్ని దక్షిణాసియాలోని మూలపురుష ప్రభావానికి ఉదాహరణగా చూపింది. ఏ కులమూ ఏ సమాజమూ దీనికి సిగ్గుపడనక్కరలేదు. పెళ్ళిళ్ళ గిరి చిన్నదైన చోటల్లా ప్రపంచమంతటా ఇదే జరిగింది.

కాబట్టి మేము మేనరికాలు మానమని చెప్పడం లేదు. అది ఎవరి ఇంటి నిర్ణయం వారిది. చిన్న వయసులో గుండెపోటు నడిచిన ఇంట్లో చుట్టరికపు సంబంధం అనుకుంటున్నప్పుడు జాతకాలతో పాటు అబ్బాయికీ అమ్మాయికీ లిపిడ్ ప్రొఫైల్ ఒకసారి చేయించండి. ఇద్దరిలో ఒక్కరికే ఎక్కువ వస్తే అది వైద్యంతో అదుపులో ఉండే సంగతి, సంబంధం వదులుకోవలసిన కారణం కాదు. ఇద్దరికీ ఎక్కువ వస్తే పెళ్ళికి ముందే జన్యు సలహా ఇచ్చే వైద్యులను కలవాలి. పిల్ల పెళ్ళి కాదేమోనని ఇంట్లో జబ్బును దాచిపెట్టడం మనలో ఉంది. దాచిన జబ్బు మనవడి గుండెలో బయటపడుతుంది.

జన్యువులు నేర్పిన మేలు పాఠం

జన్యువుల్లో తేడా ఎప్పుడూ చెడే చేయదు. 2003లో ఫ్రాన్సు పరిశోధకులు ఎఫ్‌హెచ్ ఉన్న కుటుంబాల్లో పీసీఎస్‌కే9 అనే జన్యువులో లోపం కనుగొన్నారు. ఆ జన్యువు తయారు చేసే మాంసకృత్తి కాలేయం మీది కొక్కేలను నాశనం చేస్తుంది. దాని జోరు పెరిగితే కొక్కేలు తగ్గి ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

అయితే ఆ జన్యువు పుట్టుకతోనే మందగించినవారి మాటేమిటి? డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ ఈ ప్రశ్న వేశారు. 2006లో వచ్చిన జవాబు వైద్య లోకాన్ని మలుపు తిప్పింది. అమెరికాలోని నల్లజాతివారిలో వందకు రెండు మూడు మందిలో ఆ జన్యువు ఒక పక్క పనిచేయదు. వారి ఎల్‌డీఎల్ మిగిలినవారికన్నా 28 శాతమే తక్కువ. కానీ పదిహేనేళ్ళలో వారికి గుండెజబ్బు 88 శాతం తక్కువగా వచ్చింది.

ఎల్‌డీఎల్ ఓ మోస్తరుగా తగ్గితేనే గుండెజబ్బు అంతగా ఎందుకు తగ్గింది? వారికి ఎల్‌డీఎల్ పుట్టినప్పటి నుంచీ తక్కువే ఉంది కాబట్టి. ఎల్‌డీఎల్ చేసే హాని వడ్డీ వంటిది. అంకె ఎంత, ఎన్నేళ్ళు అనే రెండింటి గుణకారం అది. 200 అంకెతో 30 ఏళ్ళు గడిపినవాడి నాళాలు 100 అంకెతో 60 ఏళ్ళు గడిపినవాడి నాళాల్లా ఉంటాయి. ఎఫ్‌హెచ్ ఉన్న పిల్లవాడికి ఈ వడ్డీ పుట్టిన రోజు నుంచే మొదలవుతుంది. అందుకే "నలభై దాటాక చూద్దాంలే" అన్నది వారికి చెల్లని మాట.

దీనికి అవతలి పక్కన కూడా సాక్ష్యం ఉంది. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎఫ్‌హెచ్ ఉన్న 214 మంది పిల్లలకు చిన్నప్పుడే స్టాటిన్ మందులు మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు గమనించారు. 2019లో ఫలితం వచ్చింది. 39 ఏళ్ళు వచ్చేసరికి వారిలో గుండెజబ్బు బారిన పడినవారు వందకు ఒకరు. అదే జబ్బు ఉండి, చిన్నప్పుడు ఆ మందులు లేని వారి తల్లిదండ్రుల్లో అదే వయసుకు వందకు 26 మంది. జన్యువు అదే, కుటుంబం అదే. మారింది మందు, మొదలుపెట్టిన వయసు.

ఎల్‌డీఎల్ కాక మరికొన్ని

లైపోప్రొటీన్-ఎ. చీటీల్లో ఎల్‌పీ-ఎ అని రాస్తారు. 1963లో నార్వేలో కోరె బెర్గ్ దీన్ని కనుగొన్నాడు. ఎల్‌డీఎల్ ఉండకు ఇంకో మాంసకృత్తి అతుక్కొంటే ఇది అవుతుంది. దీని మోతాదు దాదాపు పూర్తిగా జన్యువుల నుంచే వస్తుంది. తిండి మార్చినా, నడిచినా పెద్దగా మారదు. స్టాటిన్ కూడా దీన్ని తగ్గించదు. ఇది 50 దాటితే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఇది ఉండదు, విడిగా అడగాలి. జన్మలో ఒకసారి చేయించుకుంటే చాలు. ఇది ఎక్కువ ఉన్నవారు తగ్గించుకోగల మిగిలిన ముప్పులన్నిటి మీదా గట్టిగా పట్టు పట్టాలి.

ట్రైగ్లిసరైడ్లు. మన దేశంలో ఇవి ఎక్కువ ఉండి హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం, పక్కనే చక్కెరజబ్బు ఉండటం చాలా ఇళ్ళలో కనబడే తీరు. ఇందులో జన్యువులకూ బియ్యం, చక్కెర, మద్యం, పొట్ట కొవ్వుకూ కలిసి పాత్ర ఉంది. ఏపీఓసీ3 అనే జన్యువు పనిచేయనివారికి ట్రైగ్లిసరైడ్లు చాలా తక్కువ. చుట్టరికపు పెళ్ళిళ్ళు ఎక్కువైన పాకిస్తాన్‌లో ఈ జన్యువు రెండు పక్కలా పనిచేయని ఒక కుటుంబాన్ని పరిశోధకులు కనుగొన్నారు. కొవ్వు ఎక్కువైన భోజనం పెట్టినా వారి నెత్తుటిలో ట్రైగ్లిసరైడ్లు పెరగలేదని 2017లో ప్రకటించారు. దగ్గరి పెళ్ళిళ్ళు చెడునే కాదు, అప్పుడప్పుడు మేలునూ ఇలా ఒకచోట చేరుస్తాయి.

హెచ్‌డీఎల్. దీన్ని "మంచి కొలెస్టరాల్" అంటారు. అది తక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ పుట్టుకతో ఒక జన్యువు తేడా వల్ల హెచ్‌డీఎల్ ఎక్కువున్నవారిని పరిశీలిస్తే వారికి గుండెపోటు తగ్గలేదని 2012లో తేలింది. హెచ్‌డీఎల్‌ను పెంచే మందులూ ఆశించిన మేలు చేయలేదు. "నాకు మంచి కొలెస్టరాల్ ఎక్కువుంది, ఎల్‌డీఎల్ ఎంతుంటే ఏం" అనే ధీమా పనికిరాదు.

చిన్న చిన్న తేడాల మొత్తం. ఎక్కువ మందికి వంశపు ముప్పు ఒకే పెద్ద లోపం వల్ల రాదు. వందల కొద్దీ చిన్న తేడాలు కలిసి వస్తుంది. 2007లో తొమ్మిదవ క్రోమోసోము మీద ఒక చోటు బయటపడింది. అక్కడి తేడా కొలెస్టరాల్‌తో సంబంధం లేకుండానే ముప్పు పెంచుతుంది. కొలెస్టరాల్ అంతా బాగున్నా గుండెపోటు రావడానికి ఇలాంటివీ కారణమే. మరి నడవడితో ప్రయోజనం ఉందా? ఉంది. 2016లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో జన్యు ముప్పు ఎక్కువున్నవారిలోనే పొగ మాని, ఒళ్ళు కదిలిస్తూ, బరువు, తిండి సరిచూసుకొన్నవారికి, అవేవీ చూసుకోనివారికన్నా ముప్పు 46 శాతం తక్కువ.

మనకు ముందే వస్తుంది

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకు వచ్చింది. మిగిలిన దేశాలవారికి దాదాపు 59 ఏళ్ళకు. ఆ ఆరేళ్ళు పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు నడిచే ఏళ్ళు. ఇంటికి సంపాదించేవారు ఉండవలసిన ఏళ్ళు. పొగాకు, కొవ్వుల తేడా, నెత్తుటి పోటు, చక్కెరజబ్బు, పొట్ట, ఒత్తిడి, పండ్లు కూరలు తక్కువ తినడం, ఒళ్ళు కదలకపోవడం వంటి తొమ్మిది సంగతులే ప్రపంచంలో గుండెపోట్లలో దాదాపు పదింట తొమ్మిదింటికి లెక్క చెబుతాయని అదే పరిశోధన తేల్చింది. జన్యువు తుపాకీలో గుండు పెట్టవచ్చు, కాని చాలాసార్లు మీట నొక్కేది ఇవే.

చీటీ చదవడం ఎలా

లిపిడ్ ప్రొఫైల్‌లో నాలుగు అంకెలు చూడండి. మొత్తం కొలెస్టరాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిసరైడ్లు, ఎల్‌డీఎల్. చాలా పరీక్షశాలల్లో ఎల్‌డీఎల్‌ను లెక్క కట్టి వేస్తారు. మొత్తం నుంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిసరైడ్లలో అయిదో వంతును తీసేస్తే వచ్చేదే ఎల్‌డీఎల్. ఉదాహరణకు మొత్తం 310, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిసరైడ్లు 150 అనుకుందాం. 310 నుంచి 42, 30 తీసేస్తే 238. ఇది ఎఫ్‌హెచ్‌ను అనుమానించవలసిన అంకె. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు, ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలి.

2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇచ్చిన సూచనల ప్రకారం తొలి లిపిడ్ పరీక్ష 18 ఏళ్ళకు చేయించాలి. ఇంట్లో చిన్న వయసు గుండెజబ్బు గాని ఎఫ్‌హెచ్ గాని ఉంటే ఇంకా ముందే. మామూలు పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు. ముప్పు తక్కువున్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, చక్కెరజబ్బు, నెత్తుటి పోటు వంటివి ఉండి ముప్పు ఎక్కువున్నవారికి 70 లోపు, ఇప్పటికే గుండెపోటు వంటివి వచ్చినవారికి 55 లోపు ఉండాలి. ఎల్‌పీ-ఎ ఒక్కసారైనా చూడాలి.

మందులు

జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో బూజు నుంచి తొలి స్టాటిన్‌ను వెలికి తీశాడు. స్టాటిన్ కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం కొక్కేలను పెంచి నెత్తుటిలోని ఎల్‌డీఎల్‌ను లాగుకొంటుంది. 1994లో 4,444 మంది గుండెజబ్బు రోగుల మీద జరిగిన పరిశోధనలో స్టాటిన్ వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. పెద్ద మోతాదు స్టాటిన్ ఎల్‌డీఎల్‌ను దాదాపు సగం తగ్గిస్తుంది. చాలకపోతే ఎజెటిమైబ్ అనే మాత్ర కలుపుతారు. ఈ మాత్రలు జెనెరిక్ రూపంలో తక్కువ ధరకే దొరుకుతాయి. జన ఔషధి కేంద్రాల్లోనూ స్టాటిన్లు ఉంటాయి. అయినా తగ్గనివారికి పీసీఎస్‌కే9ను అడ్డుకొనే సూదిమందులు 2015 నుంచి వచ్చాయి. వాటి ధర మాత్రం ఎక్కువే. రెండు పక్కలా లోపం ఉన్న పిల్లలకు పెద్ద ఆసుపత్రుల వైద్యమే శరణ్యం. యంత్రంతో ఎల్‌డీఎల్‌ను వడకట్టే పద్ధతీ ఉంది.

స్టాటిన్‌తో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. చక్కెర కొద్దిగా పెరగవచ్చు. నొప్పి వస్తే వైద్యునికి చెప్పి మందో మోతాదో మార్పించుకోవాలి, మనంతట మనం మానేయకూడదు. అంకె తగ్గిందని మానితే అంకె మళ్ళీ పాతచోటికే పోతుంది. బిడ్డ కావాలనుకొనే ఆడవారు ముందుగానే వైద్యునితో మాట్లాడి స్టాటిన్ ఎప్పుడు ఆపాలో తెలుసుకోవాలి.

తిండి సంగతి ఒక్క మాట. నెయ్యి, డాల్డా, పామాయిలు, మాటిమాటికీ కాచిన నూనె తగ్గించడం అందరికీ మేలే. కానీ ఎఫ్‌హెచ్ ఉన్నవారికి పథ్యం ఒక్కటే చాలదు. "ఆరు నెలలు పథ్యం చేసి చూస్తాను" అంటూ ఏళ్ళు గడపకండి.

ఇంటికో కాగితం

నెదర్లాండ్స్‌లో 1994 నుంచి ఒక పద్ధతి నడిపారు. ఒకరికి ఎఫ్‌హెచ్ బయటపడగానే వారి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను, పిల్లలను, తరువాత వారి పిల్లలను వరసగా పరీక్షించారు. మన దగ్గర ఆ పని ఇంటివాళ్ళమే చేసుకోవాలి. చుట్టరికాలు ఏడు తరాల దాకా చెప్పగల పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వారు ఉండగానే ఒక కాగితం మీద వంశవృక్షం గీయండి. ఎవరు ఏ వయసులో పోయారు, ఎలా పోయారు, ఎవరికి స్టెంటో బైపాసో అయింది, ఎవరి ఎల్‌డీఎల్ ఎంత అన్నవి పేరు పక్కనే రాయండి. "నిద్రలోనే పోయాడు", "గ్యాస్ పట్టి పోయాడు" అన్నవీ రాయండి. అవి చాలాసార్లు గుండెపోట్లే.

పాత ఆసుపత్రి కాగితాలు ఉన్న ఊరి భాషలో ఉంటాయి. కన్నడంలో హృదయాఘాత, తమిళంలో మారడైప్పు, మరాఠీలో హృదయవికారాచా ఝటకా, ఒడియాలో హృదఘాత అంటే గుండెపోటే. పిల్లలకు ఆ లిపి వస్తే వారి చేత చదివించండి. కాగితం పూర్తయ్యాక ఫొటో తీసి బెంగళూరులోని అత్తకూ, ముంబయిలోని బాబాయికీ, మధురలోని మేనమామకూ పంపండి. మీకు ఎల్‌డీఎల్ 190 దాటిందని తెలిస్తే ముందు మీ తోబుట్టువులకు, మీ పిల్లలకు చెప్పండి. వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ కాగితం చేత పట్టుకొని వెళ్ళండి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం వస్తే సోడా తాగి పడుకోకండి. 108కి ఫోను చేయండి. మనం ఉంటున్న ఈ రాష్ట్రాలన్నిటిలోనూ, యానాంలోనూ ఆ అంకె ఒక్కటే.

ఇల్లూ పొలమూ పంచుకున్నట్టే మన పెద్దల నుంచి కొన్ని జన్యువులనూ పంచుకున్నాం. ఆస్తి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో మనందరికీ తెలుసు. తాత ఏ వయసులో, దేనితో పోయాడో కూడా అలాగే తెలిసి ఉండాలి. ఈ పండక్కి చుట్టాలు కలిసినప్పుడు ఆ కాగితం మొదలుపెట్టండి.